చేపల వాసనేసిన బస్సు

"మాడిన నూనె ఉందాండీ?"

చిప్స్ కొట్టు అమ్మాయి చిల్లుల గరిటె మూకుడు మీదే ఆపి తలెత్తి చూసింది. ఆ కొట్టుకి వచ్చేవాళ్లు వేడిగా ఉన్నాయా అని అడుగుతారు, కరకరలాడతాయా అని అడుగుతారు, ఉప్పు తక్కువైందని దెబ్బలాడతారు. మాడిన నూనె అడిగిన మొట్టమొదటి మహానుభావుడు ఇతనే. చేతిలో ఖాళీ క్యాను, చొక్కా మీద గ్రీజు మరక, మొహం మీద మాత్రం ఇంటర్వ్యూకి వచ్చినంత వినయం.

"ఏ కొట్టు మీది?" అంది.

"కొట్టు కాదండీ, బస్సు."

"బస్సులో వేయిస్తారా?"

"బస్సులో కాదండీ, బస్సుకి. ట్యాంకులో పోస్తాను."

"నేనెలా కనిపిస్తున్నానండీ మీకు?"

ఆ ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పాలంటే అతనికి ఒక పూట పడుతుంది. చెమటకి నుదుటికి అంటుకున్న వెంట్రుకలు, సెగకి కందిన బుగ్గలు, కోపం వచ్చి కూర్చోవడానికి కుర్చీ వేసినట్టున్న ముక్కు. అంతా చెబితే గరిటె తన మీదికి వస్తుందని, "బాగానే కనిపిస్తున్నారండీ" అని సరిపెట్టాడు.

"వాడేసిన నూనె పట్టుకెళ్లి, వడగట్టి, కొత్తదాంట్లో కలిపి అమ్మే బాపతు చాలామందిని చూశాం. నాన్నా, ఇదిగో, ఇంకొకరొచ్చారు. ఈయన బస్సుకి పోస్తారట. కథ కొత్తగా ఉంది."

కౌంటర్ వెనక నాన్న చిల్లర లెక్కలోంచి తల ఎత్తకుండానే, "ఒక్క క్యాను నింపివ్వు. కథ కాకపోతే ఆ బస్సుని తీసుకొచ్చి మన కళ్లముందు పొయ్యమను. నిజమైతే డ్రమ్ము మొత్తం పట్టుకుపొమ్మను. ఎక్కడ పారబొయ్యాలో తెలీక చస్తున్నాం" అన్నాడు.

మర్నాడు బస్సు వచ్చింది. నిన్నటి క్యాను ఇవాళ పల్చటి బంగారు రంగు ద్రవంతో నిండి ఉంది. అతను దాన్ని అందరి ముందూ ట్యాంకులో పోసి స్టార్ట్ చేశాడు. బస్సు ఒకసారి దగ్గి, ఒకసారి తుమ్మి, మూడోసారి హాయిగా ఊపిరి పీల్చుకుంది. వెనక గొట్టంలోంచి పొగ వచ్చింది. కొట్టు ముందు లైన్లో నిలబడ్డవాళ్లంతా ముక్కులెగరేసి, ఒకరి చేతుల్లోకి ఒకరు చూసుకున్నారు. చిప్స్ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. వాసన మాత్రం వచ్చేసింది.

అమ్మాయి నవ్వింది. అతని పని అక్కడే అయిపోయింది.

అతన్ని ఊరంతా ఇంజనీరనే పిలుస్తారు. ఇంజను, నీరు కలిస్తే ఇంజనీరు కదా, వీడు ఇంజన్లో ఆ నీరొక్కటి తప్ప అన్నీ పోస్తాడని వాళ్ల బాబాయి వెక్కిరింపు. బస్సు బాబాయిదే. డ్రైవరూ ఆయనే. కింద బజారుకీ కొండ మీద సంతకీ మధ్య ఆ బస్సు తిరుగుతూ ముసలిదైంది. ఇంధనం అన్న మాటలో ధనం ఉంది గానీ ఆ ధనం బాబాయి జేబులో నిలవడం లేదు. డీజిలు పోసి పోసి ఆయన డీలా పడ్డాడు.

"ఇదే ఆఖరి మాట" అన్నాడు ఒకరోజు. "ఈ వానలు తగ్గేలోగా నిండు బస్సుని నీ నూనెతో కొండ ఎక్కించి చూపించు. ఎక్కితే బస్సు, ఎక్కకపోతే తుక్కు."

తుక్కైతే ఇంజనీరు ఊళ్లో ఉండడానికి ఇంకో పని లేదు. ఎక్కడో దూరాన ఒక కంపెనీ అతని కోసం కుర్చీ ఒకటి ఖాళీగా ఉంచింది. అందులో కూర్చుని జీవితాంతం ఇంజన్లని కంప్యూటర్ బొమ్మల్లో చూసుకోవాలి. మొదట్లో బస్సు పోతుందన్నదొక్కటే బెంగ. చిప్స్ కొట్టుకి వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ బస్సు పోతే ఇంకేం పోతుందో కూడా తెలిసొచ్చింది.

అలా క్యాను పట్టుకుని వెళ్లడం, నింపుకుని రావడం అలవాటైపోయింది. క్యాను నిండేదాకా మాటలు. క్యాను నిండాక కూడా మాటలు.

"మీ బస్సు వెనక స్కూటర్ మీద వెళ్లేవాళ్లకి ఆకలేస్తోందట. తిన్నగా మా కొట్టుకొస్తున్నారు" అనేది.

"అది మీ నూనె గొప్పతనమండీ."

"పొగకి కూడా పొగడ్తేనా? అయినా తిన్నగా పోసెయ్యొచ్చు కదా, ఆ షెడ్డులో అంత తతంగం దేనికి?"

"నూనె చిక్కనండీ. అలాగే పోస్తే ఇంజను గొంతులో అడ్డం పడుతుంది. కాస్త కాస్టిక్ సోడా, కాస్త మెథనాలు కలిపి వెచ్చజేసి వదిలేస్తే, గ్లిజరిన్ బరువుకి అడుక్కి దిగిపోతుంది. పైన పల్చగా తేలేది బయోడీజిల్. అదీ పోసేది."

"మా నూనె మంచిదేనా మరి?"

"మంచిదే. కాకపోతే బాగా మాడితే నాకు చుక్కలు కనిపిస్తాయి."

ఇది ఉత్త మాట కాదు. నూనె ఎంత పాడైందో తెలియడానికి షెడ్డులో ఒక పరీక్ష ఉంది. చిన్న సీసాలో నూనె తీసి, రంగు తేల్చే మందు కాస్త వేసి, కాస్టిక్ నీళ్లు చుక్కచుక్కగా వదులుతూ పోతే ఒక చుక్క దగ్గర అంతా గులాబీ రంగుకి తిరుగుతుంది. ఎన్ని ఎక్కువ చుక్కలు పడితే నూనె అంత మాడినట్టు. అతను అదంతా వివరంగా చెప్పాడు. ఆమె గరిటె తిప్పుతూ, "ఓహో" అని మాత్రం అంది.

అమ్మాయిలు "ఓహో" అన్నప్పుడు లోపల ఎంత పని జరుగుతుందో ఇంజనీరింగ్‌లో చెప్పరు.

ఆ తర్వాత చుక్కలు తగ్గడం మొదలైంది. ముందు అతను సంతోషించాడు. ఇంకా తగ్గాయి. సీసా కడుక్కున్నాడు. మరీ తగ్గి, ఇలా చుక్క పడగానే అలా గులాబీ అయ్యేసరికి బుర్ర గోక్కున్నాడు. ఆలు వేయించే అమ్మాయి తనకి ఆలు అయ్యే యోగం ఉందేమో అని గులాబీ రంగు చూస్తూ కాసేపు కలలు కన్నాడు గానీ, అనుమానం మాత్రం పోలేదు.

ఒకసారి అలవాటైన వేళకంటే ముందే వెళ్లాడు. నాన్న కౌంటర్లో లేడు. అమ్మాయి ఒక వాయి తీసింది, ఇంకో వాయి తీసింది, గబగబా స్టవ్ ఆపి మూకుడు నూనె మొత్తం అతని కోసం పెట్టిన డబ్బాలోకి వంపేసింది. ఆ నూనె ఇంకా పసిడిలా మెరుస్తోంది. ఆమె కొత్త డబ్బా మూత తీసి మూకుడు మళ్లీ నింపింది.

ఇంజనీరు స్తంభం చాటున నిలబడి చూశాడు. గుండె టాప్ గేర్‌లో పడింది. వెంటనే బుర్ర బ్రేకు తొక్కింది. ఇలా రెండు వాయిలకి ఒక మూకుడు నూనె తన బస్సు తాగేస్తే కొట్టు ఏమైపోతుంది? తన చుక్కలు తగ్గించడానికి ఈ పిల్ల వాళ్ల నాన్నకి చుక్కలు చూపిస్తోంది. వద్దని చెబితే చూశానని చెప్పినట్టే. నాన్న చెవిన పడితే ఆమె దొరికిపోయినట్టే.

బాగా చదువుకున్నవాళ్లు మాత్రమే చెయ్యగల తెలివితక్కువ పనులు కొన్ని ఉంటాయి. అందులో ఒకటి అతను చేశాడు.

"కొన్నాళ్లు నూనె వద్దండీ" అన్నాడు. "షెడ్డులో నిల్వ ఉంది."

"ఉందా?" అంది ఆమె, డబ్బా మూత పెడుతూ.

"చాలా ఉంది."

లేదు. ఉన్నది తయారైన బయోడీజిల్ ఒక్క క్యాను. ఆ సాయంత్రమే వీధి రెండో చివర చేపలు వేయించి అమ్మే కొట్టుకి వెళ్లి, "మాడిన నూనె ఉందాండీ" అని అడిగాడు. ఆ కొట్టు అమ్మాయి పకపకా నవ్వి, వాన పడుతున్నా మూత లేకుండా పెరట్లో పడున్న డ్రమ్ము చూపించింది.

బస్సు కొత్త నూనెతో చిప్స్ కొట్టు మీదుగా వెళ్లిన మొదటిరోజు దాని వెనక రెండు పిల్లులు పరిగెత్తుకొచ్చాయి.

అమ్మాయి ముక్కు మీద కోపం ఉంటుందని అందరికీ తెలుసు. అదే ముక్కుకి ఇంకా చాలా పనులు వచ్చని ఆ రోజే తెలిసింది. బస్సు స్టాపులో ఆగిందో లేదో, ఆమె చేతిలో గరిటెతోనే రోడ్డు దాటి వచ్చి కిటికీ కింద నిలబడింది.

"ఏం పోశారు ఇందులో?"

"బయోడీజిలేనండీ."

"దేంతో చేసింది?"

"నూనెతో."

"ఎవరి నూనెతో?"

బస్సులో నిద్రపోతున్నవాళ్లు లేచి సర్దుకుని కూర్చున్నారు. వెనక సీటాయన పక్కనున్నావిడని "ఏమంటోంది" అని అడిగితే, "ఎవరి నూనె అంటోంది, ఉండండి విననివ్వండి" అని ఆవిడ కసిరింది.

"నిల్వ ఉందన్నారు కదా" అంది అమ్మాయి. "నిల్వ ఉన్న నా నూనెలోకి చేపలెక్కణ్ణించి ఈదుకుంటూ వచ్చాయండీ?"

"అదీ... మీ మంచి కోసమే..."

"నా మంచి కోసం దాని కొట్టుకి వెళ్లారా? స్కూల్లో కిటికీ పక్కన నా సీటు లాక్కుంది అది. నాటకంలో నా వేషం లాక్కుంది. ఇప్పుడు నా..." ఆగింది. మింగింది. "నా కస్టమర్ని లాక్కుంది."

ఇక్కడ నోరు మూసుకునే అవకాశం అతనికి పుష్కలంగా ఉంది. "కొనుక్కునేవాణ్ణి కదండీ కస్టమరంటారు" అన్నాడు. "నేను ఊరికే తీసుకెళ్తున్నాను కదా."

"అందుకే" అంది ఆమె. "ఊరికే వచ్చింది కాబట్టే ఊరికే వదిలేశారు."

గరిటె తిప్పుకుంటూ వెళ్లిపోయింది. బాబాయి స్టీరింగ్ మీద మోచెయ్యి పెట్టి అంతా విన్నాడు. "ఒరే, మంట పెట్టకుండానే ఇంత పొగేంట్రా" అన్నాడు.

అప్పట్నుంచి ఇంజనీరుకి ఏ పనీ తిన్నగా సాగలేదు. క్యాను పెట్టిన చోట మూత ఉండదు, మూత పెట్టిన చోట తను ఉండడు. చిప్స్ కొట్టు ముందు నుంచి వెళ్తే ఆమె వీపు కనిపించేది. వీపుతో కూడా అంత ఘాటుగా మాట్లాడొచ్చని అతనికి అప్పటిదాకా తెలీదు. బాబాయి మాత్రం క్యాలెండర్ చూసి, మబ్బులు చూసి, "వచ్చే సంతకి ఎక్కిస్తున్నాం. నీ నూనె నింపు" అని తేల్చేశాడు. ఇంజనీరు చేపల నూనె మిగతాదంతా హడావిడిగా వండి, సరిగ్గా తేరనివ్వకుండా, కడిగిన నీళ్ల తడి ఆరనివ్వకుండా ట్యాంకు నింపేశాడు.

సంత రోజు పొద్దున్నే వాన. బస్సు కిక్కిరిసింది. కొండ మీద సంతలో బంగాళాదుంపలు కొనడానికి చిప్స్ కొట్టు నాన్న ఖాళీ గోనెలతో ఎక్కాడు. వెనకే అమ్మాయి, గొడుగు మడుచుకుంటూ. బస్సంతా నిండిపోయి, ఇంజను పక్కనున్న పొడుగు సీటులో మాత్రమే చోటుంది. ఆమె అక్కడే కూర్చుని, ఎదురుగా ఉన్న ఇంజనీరుని వదిలేసి వైపర్‌ని చూడసాగింది.

మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండోది కూడా. మూడోదాని దగ్గర బస్సు ఎక్కిళ్లు పెట్టింది. ఊగింది. ఆగింది.

వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టయింది. బాబాయి హ్యాండ్ బ్రేకు లాగి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. కోప్పడలేదు. దానికే ఇంజనీరుకి ఎక్కువ భయం వేసింది.

"కాసేపు చూడు" అన్నాడు బాబాయి మెల్లిగా. "కాకపోతే కాలేదనుకుందాం. నువ్వు ఆ కంపెనీకి ఉత్తరం రాసుకో."

"కంపెనీ ఏంటి?" అంది అమ్మాయి, వైపర్‌నే అడుగుతున్నట్టు.

"బస్సు తుక్కైతే వీడు వెళ్లాల్సిన ఉద్యోగం తల్లీ. చాలా దూరం."

ఆమె గొడుగు కొసని నేలకేసి కొట్టింది.

ఇంజనీరు సీటు ముందున్న ఇంజను మూత ఎత్తాడు. సరిగ్గా దాని పైనే టాపు కారుతోంది. చుక్కలు వేడి ఇంజను మీద పడి చుయ్యిమంటున్నాయి. అతను ఫిల్టర్ విప్పుతుంటే చుక్కలు పడడం ఆగింది. చూస్తే తల మీద గొడుగు ఉంది. బస్సు లోపల గొడుగు వేసుకుని నిలబడిందామె, మొహం మాత్రం కిటికీ వైపు పెట్టుకుని.

ఫిల్టర్ నిండా తెల్లగా, జిగురుగా, ముద్దలా ఏదో ఉంది.

"ఏంటది?"

"సబ్బు."

"బస్సుకి స్నానం చేయిస్తున్నారా?"

"చేపల నూనెలో నీళ్లున్నాయండీ. నీళ్లున్న నూనెలో కాస్టిక్ కలిపితే సబ్బవుతుంది. ముందు కాచి నీళ్లు పోగొట్టాలి. తెలుసు. చెయ్యలేదు."

"తెలిసి ఎందుకు చెయ్యలేదు?"

"బుర్ర ఇక్కడ లేదు."

"ఎక్కడుంది?"

"మీ కొట్టు దగ్గర వదిలేశాను."

వెనక సీటాయన, "ఏమన్నాడు?" అన్నాడు. "కొట్టు దగ్గర వదిలేశాడట" అని పక్కావిడ అందించింది. ఇంజనీరుకి చెవుల దాకా వేడెక్కింది. కొత్త ఫిల్టర్ కోసం సీటు కింద వెతికాడు. ఫిల్టర్‌తో పాటు గోనెగుడ్డలో చుట్టిన క్యాను ఒకటి బయటికొచ్చింది. అతను దాన్ని మళ్లీ లోపలికి తోసేలోపే ఆమె మూత తిప్పి, ముక్కు పెట్టింది.

"ఇది నాది."

అతను గబగబా గోనెగుడ్డ కప్పబోయాడు.

"ఇది నా నూనె. ఇది పెట్టుకుని ఆ చేపలది పోశారా?"

"ఆఖరి క్యానండీ అది. కాల్చబుద్ధి కాలేదు."

"బయోడీజిల్‌ని కాల్చక ఏం చేసుకుంటారు?"

"అప్పుడప్పుడూ మూత తీసి వాసన చూసుకునేవాణ్ణి."

ఆమె నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరికింది. కానీ అడగాల్సింది ఇంకా మిగిలే ఉంది. "మరి రావడం ఎందుకు మానేశారు?"

అతను నాన్న కూర్చున్న వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు. "మీరు రెండు వాయిలకే మూకుడు వంచేస్తుంటే చూశాను. నా కోసమని తెలుసు. కొట్టుకి నష్టం కదా. చెబితే మీ నాన్నగారి దగ్గర మీరు దొరికిపోతారు."

"నన్నే అడగొచ్చుగా."

"భయమేసింది."

"నేనంటేనా?"

"మీరు చెప్పబోయే జవాబంటే."

"నష్టమెవరికయ్యా?" అన్నాడు నాన్న, మూడు సీట్ల వెనకనుంచి. ఆయన గొంతు తగ్గించలేదు. బస్సంతా అటు తిరిగింది. "మూకుడు నాది, నూనె నాది. దాని రంగు చూస్తే ఎన్ని వాయిలు తీశారో నాకు తెలీదా? రోజూ కొత్త నూనెలో వేయించేసరికి చిప్స్ రుచే మారిపోయింది. అంత జనం మా కొట్టుకి ఎప్పుడూ రాలేదు. నోరు మూసుకుని ఊరుకున్నాను. నువ్వేమో రావడం మానేశావు, ఇది కోపమొచ్చి నూనె మార్చడం మానేసింది. చిప్స్ నల్లగా వస్తున్నాయి, జనం తెల్లబోయి వెళ్లిపోతున్నారు. నష్టం ఇప్పుడు మొదలైందయ్యా."

అమ్మాయి గొడుగుని నాన్నకీ తనకీ మధ్య అడ్డం పెట్టుకుంది. దాంతో ఇంజన్ మీద మళ్లీ చుక్కలు పడ్డాయి.

"గొడుగు ఇటండీ" అన్నాడు ఇంజనీరు.

"సంసారాలు తర్వాత చూసుకుందాం" అన్నాడు బాబాయి, "ముందు ఆ ఇంజను సంగతి చూడు."

ట్యాంకులో సబ్బు నూనె ఉంది కాబట్టి ట్యాంకుని వదిలెయ్యాలి. ఇంజనీరు కొత్త ఫిల్టర్ బిగించి, ట్యాంకు గొట్టం విప్పి, దాని కొసని తిన్నగా క్యానులో ముంచాడు. ఇంజను వాడగా మిగిలింది తిరిగొచ్చే గొట్టాన్ని కూడా అందులోకే పెట్టాడు. లోపల గాలి పట్టి ఉంటుంది, అది పోతే గానీ ఇంజను అందుకోదు.

"ఆ చిన్న పంపు కనిపించిందా? దాన్ని బొటనవేలితో నొక్కుతూ ఉండండి. నేను ఇక్కడ స్క్రూ వదులు చేస్తాను. బుడగలు రావడం ఆగగానే చెప్పండి."

గొడుగు, లేచి ముందుకొచ్చిన నాన్న చేతికి మారింది. ఆమె వంగి పంపు నొక్కింది. స్క్రూ సందులోంచి నురగ వచ్చింది, బుడగలు వచ్చాయి, ఇద్దరి తలలూ దాదాపు తగిలేంత దగ్గరగా వచ్చాయి. బుడగలు ఆగి పసుపుపచ్చగా, తేటగా ధార మొదలైంది. ఆమె మాత్రం చెప్పలేదు. ఇంకాసేపు నొక్కుతూనే ఉంది. అతనూ స్క్రూ బిగించలేదు.

"అమ్మాయ్, బుడగలు ఎప్పుడో ఆగాయి" అన్నాడు గొడుగు పట్టుకున్న నాన్న.

బాబాయి తాళం తిప్పాడు. బస్సు దగ్గింది. ఇంకోసారి తిప్పాడు. ఇంజను ఒక్క ఉదుటున అందుకుని గట్టిగా గర్జించింది. వెనక నుంచి చప్పట్లు వినిపించాయి.

అయితే ఆ క్యాను నిలబడాలి కదా. ఒక పక్క లోయ, ఒక పక్క కొండ, మధ్యలో పాములా మెలికలు తిరిగే రోడ్డు. ఇద్దరూ పొడుగు సీటులో పక్కపక్కన కూర్చుని క్యానుని పాదాల మధ్య బిగించారు. ఆమె పిడి పట్టుకుంది, అతను గొట్టాలు పట్టుకున్నాడు. ఎడమ మలుపులో క్యాను అతని మీదికి ఒరిగేది, కుడి మలుపులో ఆమె మీదికి. క్యానుతో పాటు మనుషులూ. బాబాయి మలుపులు కాస్త ఎక్కువగానే తిప్పుతున్నాడేమో అని ఇంజనీరుకి అనుమానం వచ్చింది. ఫిర్యాదు మాత్రం చెయ్యలేదు.

కొండ మీద సంత మొదలయ్యే చోట బస్సు ఆగింది. తనంతట తను కాదు, బాబాయి బ్రేకు వేస్తేనే ఆగింది.

ఆయన సీట్లో వెనక్కి తిరిగి, నూనె మరకలతో ఉన్న ఇంజనీరుని తేరిపార చూశాడు. "బస్సు తప్పేం లేదు" అన్నాడు. "మంచి నూనె పోస్తే గుర్రంలా ఎక్కింది. బుర్ర ఎక్కడో వదిలేసి సబ్బు పోసినవాడిదే తప్పు. కాబట్టి బస్సుని ఉంచేస్తాను. తుక్కుకి ఇస్తే వీణ్ణే ఇవ్వాలి."

"తుక్కుకెందుకు లెండి, మా కొట్టుకివ్వండి" అన్నాడు నాన్న, గోనెలు భుజాన వేసుకుంటూ. "అక్కడే కదా బుర్ర ఉంది. మనిషి కూడా అక్కడే ఉంటే వెతుక్కునే పనుండదు."

బాబాయి నవ్వి చెయ్యి చాపాడు. పెద్దవాళ్లిద్దరూ చేతులు కలుపుకుని, ఇంకా ఎన్నో మాట్లాడుకోవాలన్నట్టు బంగాళాదుంపల వైపు నడిచారు. జనం ఒక్కొక్కరే దిగారు. వెనక సీటావిడ దిగుతూ దిగుతూ అమ్మాయి భుజం తట్టి వెళ్లింది.

బస్సులో ఇద్దరే మిగిలారు. క్యాను అడుగున ఇంకా కొంచెం ఉంది. ఇప్పుడు దాన్ని పట్టుకోవాల్సిన అవసరం లేదు. ఇద్దరూ వదల్లేదు.

"రేపట్నుంచి వస్తారా?" అంది ఆమె.

"నూనె కోసమా?"

"నూనెకైతే కౌంటర్లో నాన్నుంటాడు" అంది. "నాకోసం రండి."